75 కొనాలా, 90 కొనాలా: రేంజ్‌ఫైండర్ కెమెరాకి చిన్న టెలి లెన్స్ ఎంచుకునే పద్ధతి

గంగ జాతర దగ్గరపడుతోందంటే తిరుపతిలో ఫిల్మ్ కెమెరాలు పట్టుకుని తిరిగే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, 75 తీసుకునేదా, 90 తీసుకునేదా?" అంటే 75 ఎంఎం, 90 ఎంఎం లెన్సులు; అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదిది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలామంది లెన్స్ దగ్గర మొదలుపెడతారు. ఏది షార్ప్, దేని వెనకాల బ్లర్ బాగుంటుంది అని వారాల తరబడి చదువుతారు. నేను చెప్పే వరుస దానికి తిరగేసి ఉంటుంది: ముందు కెమెరా, తర్వాత మీరు నిలబడే దూరం, ఆ తర్వాత వెలుతురు, ఆఖరున లెన్స్. ఈ వరుసలో వెళితే చివరికొచ్చేసరికి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మీ కెమెరా, ఇప్పుడు వాడుతున్న లెన్స్
- ఒక అట్టముక్క, బ్లేడు, స్కేలు, మూరెడు దారం
- కొలత టేపు
- మీరు తీసిన ఫోటోల్లో మీకు బాగా నచ్చిన ఇరవై

1. మీ కెమెరా ఏ గీతలు చూపిస్తుందో చూడండి

ఎస్ఎల్ఆర్‌లో ఏ లెన్స్ తగిలిస్తే అది చూసేదే మనకూ కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్ లోంచి కాదు, పైనున్న వేరే కిటికీ (ఫైండర్) లోంచి చూస్తాం, ఆ కిటికీ మారదు. లోపలి తెల్లగీతల చట్రం ఒక్కటే మారుతుంది. మీ కెమెరాలో ఆ గీతలు లేకపోతే ఎంత మంచి లెన్స్ కొన్నా ఫోటో అంచులు ఊహించుకోవాల్సిందే.

- లైకా ఎమ్3, ఎమ్2, ఎమ్4: 90కి గీతలున్నాయి. 75కి లేవు.
- లైకా ఎమ్4-పి, 0.72 రెట్లు చూపించే ఫైండర్ ఉన్న ఎమ్6, ఎమ్7, ఎమ్‌పి, డిజిటల్‌లో ఎమ్9, ఎమ్240, ఎమ్10, ఎమ్11: రెంటికీ ఉన్నాయి. 75 గీతలు 50తో జతగా, 90 గీతలు 28తో జతగా వస్తాయి.
- లైకా సీఎల్, మినోల్టా సీఎల్ఈ: 90కి ఉన్నాయి. 75కి లేవు.
- బెస్సా ఆర్2ఏ, ఆర్3ఏ: రెంటికీ ఉన్నాయి. పైనున్న మీటతో మనమే మార్చుకోవాలి.
- జైస్ ఐకాన్: ఈ వైపు 85 గీతలు మాత్రమే ఉన్నాయి.

లెన్స్ పక్కన గీతలు మార్చి చూపే చిన్న మీట ఉంటే దాన్ని అటూ ఇటూ నెట్టి చూడండి. ఒకసారి చూసి ఊరుకోకండి, ఒక సాయంత్రమంతా చూడండి. 75 గీతలు 50 చట్రం లోపల నాలుగు మూలల్లో చిన్న ముక్కలుగా కనిపిస్తాయి. హడావుడిలో కన్ను 50 గీతల మీదికే పోతుంది. 90 గీతలు 28తో వస్తాయి కాబట్టి ఆ గందరగోళం ఉండదు, కానీ చట్రం మరీ చిన్నది: 28 చట్రం విస్తీర్ణంలో దాదాపు పదో వంతు. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు ఇది మంచిదే. 28 గీతలు పూర్తిగా కనబడక ఇబ్బంది పడేవాళ్లకు కూడా 90 చట్రం మొత్తం ఒక్క చూపులో అందుతుంది.

ఎమ్3 లాంటి కెమెరాకి 75 తగిలిస్తే 50 గీతలు వస్తాయి. అప్పుడు ఆ చట్రం వెడల్పులో, ఎత్తులో నడిమి మూడింట రెండు వంతులు మీ ఫోటో అనుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లు అలవాటు చేసుకోగలరు. నేనైతే ఎమ్3 ఉన్నవాళ్లను 90 తీసుకోమంటాను. ఆ కెమెరా ఫైండర్ 0.91 రెట్లు చూపిస్తుంది, 90 చట్రం అందులో పెద్దగా, హాయిగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఎమ్6లో గీతలు 0.7 మీటర్ల దూరానికి సరిచేసి ఉంటాయి, ఎమ్240, ఎమ్10లో 2 మీటర్లకి. కాబట్టి ఎమ్6తో దూరంగా ఉన్నదాన్ని తీస్తే, గీతల్లో కనిపించినదానికంటే ఎక్కువే ఫిల్మ్ మీదికి వస్తుంది. "90తో తీసినా మనిషి చిన్నగా వచ్చాడు" అని బాధపడేవాళ్లలో సగం మందికి కారణం ఇదే. పది అడుగులు దాటిన దూరానికి గీతలను కొంచెం బిగించి, తల పైభాగం గీతను తాకేలా పెట్టుకోండి.

2. అట్టముక్కతో దూరం కొలవండి

కొనకముందే రెండు లెన్సుల చూపునూ చూసే ఉపాయం ఇది. రూపాయి ఖర్చు లేదు.

(క) అట్టముక్క మధ్యలో 72 మి.మీ. పొడవు, 48 మి.మీ. వెడల్పుతో కిటికీ కోయండి. ఇది ఫిల్మ్ ఫ్రేముకి సరిగ్గా రెండింతలు.

(ఖ) కిటికీ అంచుకు దారం కట్టి, 15 సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి, 18 దగ్గర ఇంకో ముడి వేయండి.

(గ) ముడిని కంటి పక్కన ఎముకకు ఆనించి, దారం బిగుతుగా ఉండేలా అట్టను ముందుకు చాపి, ఒంటికన్నుతో చూడండి. మొదటి ముడి దగ్గర కనిపించేది 75. రెండో ముడి దగ్గర కనిపించేది 90.

(ఘ) దీన్ని జేబులో పెట్టుకుని మీరు ఫోటోలు తీసే చోటికే వెళ్లండి. ఇంట్లో సోఫా మీద కూర్చుని చూస్తే లాభం లేదు.

మూడు మీటర్ల దూరంలో 75 దాదాపు 144 సెం.మీ. పొడవు, 96 సెం.మీ. వెడల్పు మేర పడుతుంది. అదే దూరంలో 90 అయితే 120కి 80. ఒక మనిషిని 75తో మీటరున్నర నుంచి తీసినంత సైజులో 90తో తీయాలంటే మీటరు ఎనభై దగ్గర నిలబడాలి. తేడా ఒక అడుగే. కాగితం మీద ఏమీ కాదు, గోవిందరాజస్వామి గుడి ముందు వీధిలో శనివారం రద్దీలో మాత్రం ఆ అడుగులోకి ఇద్దరు మనుషులు దూరిపోతారు.

అట్ట పట్టుకుని నేను తిరిగిన చోట్ల నాకు తెలిసింది ఇది:

పూల దుకాణాల వరుసలో 75 సుఖం. మాల కట్టే అక్కకీ మనకీ మధ్య బుట్టలుంటాయి, మీటరు నుంచి మీటరున్నర దూరం. వెనక్కి జరుగుదామంటే స్కూటర్లు. 90 అయితే ముఖం మాత్రమే వస్తుంది, చేతుల్లోని మాల తెగిపోతుంది.

మాడవీధుల్లో వాహనసేవ వస్తున్నప్పుడు 90 మంచిది. తాళ్లు, జనం, పోలీసులు అన్నీ దాటి మనం నిలబడేది వాహనానికి ఏడెనిమిది మీటర్ల దూరం. ఎనిమిది మీటర్లలో 90 చట్రం నిలువుగా పడితే 3.2 మీటర్ల ఎత్తు, 2.1 మీటర్ల వెడల్పు. వాహనం, ఉత్సవమూర్తి, పైన గొడుగు అందులో నిండుగా సరిపోతాయి. 75తో తీస్తే చుట్టూ ఫోన్లు పట్టుకున్న చేతులు కూడా వచ్చేస్తాయి.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర కూర్చుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. దాన్ని విడిగా చెప్పాలి.

3. అతి దగ్గరి దూరం: చాలామంది తప్పుగా అర్థం చేసుకునే అంకె

ప్రతి లెన్స్‌కీ ఇంతకంటే దగ్గరగా ఫోకస్ కాదనే హద్దు ఒకటి ఉంటుంది. పాత ఎల్మారిట్ 90 (ఎఫ్ 2.8) ఒక మీటరు దాకానే వస్తుంది. (ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది; అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ.) లైకా అపో-సుమిక్రాన్ 75, సుమారిట్ 75 ఎఫ్ 2.4 అయితే 0.7 మీటర్ల దాకా వస్తాయి. పాత సుమారిట్ 75 ఎఫ్ 2.5కి 0.9 మీటర్లు. ఫోక్ట్‌లాండర్ కలర్-హెలియార్ 75 ఎఫ్ 2.5కి మీటరు. అన్ని 75లూ దగ్గరికి రావని గుర్తుపెట్టుకోండి. చాలామంది అది చూసుకోకుండానే కొనేస్తారు.

ఇప్పుడు లెక్క. మీటరు దూరంలో 90 పట్టేది సుమారు 33 సెం.మీ. పొడవు, 22 సెం.మీ. వెడల్పు. 0.7 మీటర్లలో 75 పట్టేది సుమారు 29కి 19. అంటే దగ్గరికి వెళ్లినంత మాత్రాన వస్తువు మరీ పెద్దగా ఏం రాదు. రెండూ ఇంచుమించు ఒకటే.

కలంకారీ బట్ట మీద కలం పట్టిన చెయ్యి తీయాలంటే నేను 90నే పెట్టుకుంటాను. 0.7 మీటర్ల దాకా వంగితే నా తల నీడ బట్ట మీద పడుతుంది, గీసే ఆయన చెయ్యి ఆగుతుంది. మీటరు దూరంలో ఉంటే ఆయన పని ఆయన చేసుకుంటాడు. ఇరుకు గదిలో గోడకు ఆనుకుని ముఖం తీయాల్సి వస్తే మాత్రం 0.7 నిజంగా అక్కరకొస్తుంది.

4. వెలుతురు లెక్క చూసి అపర్చర్ నిర్ణయించుకోండి

ఎఫ్ 1.4 ఉన్నది మంచిదని, ఎఫ్ 2.8 నాసిరకమని అనుకోవడం మన ఎండలో అర్థం లేని మాట.

మే నెల మధ్యాహ్నం, ఐఎస్ఓ 400 ఫిల్మ్, నిండు ఎండ. ఎఫ్ 16 దగ్గర షటర్ 1/400 వస్తుంది. ఎఫ్ 2.8కి తెరవాలంటే ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు), అంటే 1/12800 కావాలి. ఎమ్6 షటర్ 1/1000తో ఆగిపోతుంది. ఆ ఎండలో మీరు వాడగలిగేది ఎఫ్ 11కి అటూ ఇటూ. అక్కడ 75 ఎఫ్ 1.4కీ 75 ఎఫ్ 2.5కీ తేడా కనిపెట్టడం కష్టం. పగలే అపర్చర్ తెరిచి తీయాలనుకుంటే 100 ఫిల్మ్ వేయండి, లేదా వెలుతురు తగ్గించే ఎన్‌డి ఫిల్టర్ కొనండి. పెద్ద లెన్స్‌కి పెట్టే డబ్బులో అది ఎన్నో వంతు కూడా కాదు.

రాత్రి సంగతి వేరు. దీపాల వెలుతురులో ఊరేగింపు తీస్తుంటే 400 ఫిల్మ్‌తో ఎఫ్ 2.8 దగ్గర చాలాసార్లు 1/30 మాత్రమే వస్తుంది. చేతిలో పట్టుకుని తీసే 90కి అది చాలదు. 1/125 అయినా ఉండాలి. దారులు రెండు: ఫిల్మ్‌ను 1600కి పుష్ చేయడం (1600 ఫిల్మ్ అనుకుని తీసి, ఎక్కువసేపు కడగడం), అప్పుడు 1/30 కాస్తా 1/125 అవుతుంది. లేదా ఎఫ్ 2 లెన్స్ కొనడం, దాంతో వచ్చేది ఒక్క స్టాపే. నేను పుష్ చేయడమే నయమంటాను. డిజిటల్ ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు, ఐఎస్ఓ పెంచుకుంటే సరి. అయితే ఎమ్11 లాంటి 60 మెగాపిక్సెల్ కెమెరాలో చెయ్యి చిన్నగా వణికినా కనబడుతుంది, 1/250కి తగ్గకండి.

5. మీ రేంజ్‌ఫైండర్ ఆ లెన్స్‌ని మోయగలదా?

ఇది గట్టిగా చూసుకోవాల్సిన మెట్టు. రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల్లోంచి వచ్చే బొమ్మలను ఒకటి చేసి ఫోకస్ చేస్తుంది. ఆ రెండు కిటికీల మధ్య దూరాన్ని, ఫైండర్ ఎన్ని రెట్లు చూపిస్తుందో ఆ అంకెతో గుణిస్తే వచ్చేది దాని అసలు బలం. ఎమ్6కి 69.25 మి.మీ. ఇంటూ 0.72, అంటే దాదాపు 50. ఎమ్240కి 0.68తో 47. బెస్సా ఆర్3ఏకి 37. ఆర్2ఏకి దాదాపు 26. లైకా సీఎల్‌కి 19.

లెన్స్ ఎంత బలం అడుగుతుందో పోల్చడానికి తేలిక లెక్క ఉంది: ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే గుణించి, అపర్చర్ అంకెతో భాగించండి.

- 75, ఎఫ్ 2.5: 2250
- 90, ఎఫ్ 4: 2025
- 90, ఎఫ్ 2.8: 2893
- 75, ఎఫ్ 1.4: 4018
- 90, ఎఫ్ 2: 4050

90 ఎఫ్ 2.8 అడిగేది 75 ఎఫ్ 2.5 కంటే మూడో వంతుకు కొంచెం తక్కువగా ఎక్కువ. 90 ఎఫ్ 2 అయితే దాదాపు 1.8 రెట్లు. సీఎల్‌కి లైకా ఎందుకు 90 ఎఫ్ 4 జత చేసిందో ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

నా సలహా సూటిగా చెప్తాను. ఆర్2ఏ ఉంటే 75 ఎఫ్ 2.5 దగ్గర ఆగండి. ఆర్3ఏ ఉంటే 90 ఎఫ్ 2.8 దాకా వెళ్లవచ్చు. ఎమ్ కెమెరాలు ఏదైనా మోస్తాయి, రేంజ్‌ఫైండర్ సరిగా సర్ది ఉంటేనే. ఎఫ్ 2, అంతకంటే ఎక్కువ తెరుచుకునే లెన్సులకు ఫైండర్ వెనకాల బిగించే 1.25 రెట్ల మాగ్నిఫయర్ కూడా తీసుకోండి.

ఫోకస్ నిలిచే మందం ఎంతో కూడా తెలిసి ఉండాలి. రెండు మీటర్ల దూరంలో 75 ఎఫ్ 2.5కి సుమారు 10 సెం.మీ., 90 ఎఫ్ 2.8కి 8 సెం.మీ. మీటరు దూరంలో అవే రెండున్నర సెం.మీ., రెండు సెం.మీ. అవుతాయి. కన్ను షార్ప్‌గా ఉండి చెవి పోవడం అక్కడ మామూలే.

6. ఇప్పుడు నిర్ణయించుకోండి

మీకు నచ్చిన ఇరవై ఫోటోలు బయటకు తీయండి. ఒక్కో ఫోటో చూసి, అప్పుడు ఇంకా దగ్గరికి వెళ్లాలనిపించిందా, లేక ఉన్న చోటు నుంచే బిగించి తీయాలనిపించిందా గుర్తు తెచ్చుకుని రాసుకోండి. తర్వాత ఈ వరుసలో చూడండి:

- కెమెరాలో 75 గీతలు లేవు: 90.
- ఎప్పుడూ వాడేది 35 ఎంఎం: 75. 35కి అది రెండు రెట్లకు కాస్త ఎక్కువ. సంచిలో ఇక వేరే లెన్స్ అవసరం పడదు.
- ఎప్పుడూ వాడేది 50 ఎంఎం: 90. 50 నుంచి 75కి ఒకటిన్నర రెట్లే తేడా. రెండడుగులు ముందుకు వేస్తే 50 చేసే పనికి మళ్లీ డబ్బు పెట్టడమెందుకు?
- వీధిలో మనుషులతో మాట్లాడుతూ ముఖాలు తీస్తారు: 75.
- వేదికలు, ఊరేగింపులు, చంద్రగిరి కోట లాంటి కట్టడాల్లో చెక్కడాలు: 90.
- బరువు మోయలేరు: కలర్-హెలియార్ 75 సుమారు 230 గ్రాములు, నల్లరంగు ఎల్మారిట్-ఎమ్ 90 దాదాపు 400 గ్రాములు. కొండకు నడిచి ఎక్కేరోజు ఈ తేడా మెడకు తెలుస్తుంది.

రెండు జవాబులు ఒకదానికొకటి ఎదురొస్తే పైన ఉన్నదే గెలుస్తుంది. ఈ జాబితా వరుస అందుకే అలా పెట్టాను.

7. పాత లెన్స్ కొనేటప్పుడు చూడాల్సినవి

తిరుపతిలో ఇవి అరుదుగా దొరుకుతాయి. ఎక్కువమంది చెన్నైకో బెంగళూరుకో వెళ్తారు, లేదా విదేశాల నుంచి తెప్పించుకుంటారు. తెప్పించుకునేవాళ్లు కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. వీలైతే మీ కెమెరా తీసుకెళ్లి, దాని మీదే పెట్టి చూడండి.

- ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి చూడండి. సాలెగూడు తీగల్లా ఉంటే ఫంగస్. పాలపొరలా ఉంటే హేజ్.
- సన్నటి పాత టెలి-ఎల్మారిట్ 90 కొంటుంటే హేజ్ కోసం రెండుసార్లు చూడండి. ఆ లెన్స్‌లో వెనకవైపు గాజుకు మసక పట్టడం తెలిసిన జబ్బు, కొన్నిసార్లు తుడిచినా పోదు.
- ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. మధ్యలో ఎక్కడా పట్టకూడదు, వదులవకూడదు.
- అపర్చర్ బ్లేడ్ల మీద కొంచెం నూనె ఉంటే భయపడక్కర్లేదు. ఈ అపర్చర్లు చేత్తో తిప్పేవి.
- జూపిటర్-9 చవగ్గా వస్తుందని తొందరపడకండి. 85 ఎఫ్ 2 మంచి లెన్సే, కానీ అది కాంటాక్స్ అనే వేరే రేంజ్‌ఫైండర్ కెమెరాల ఫోకస్ లెక్కకు చేసిన వంశం. లైకా తరహా కెమెరాల మీద దగ్గరి దూరంలో, తెరిచిన అపర్చర్‌లో ఫోకస్ తప్పుతుంది. సర్దించుకోవడం తెలిసినవాళ్లకే అది.

మర లెన్సులకు అడాప్టర్ విషయం మరీ ముఖ్యం. కలర్-హెలియార్ 75 లాంటివి మర బిగింపువి, ఎమ్ కెమెరాకి అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్లు మూడు రకాలు: 28/90, 50/75, 35/135. కెమెరా లోపల ఏ గీతలు రావాలో లెన్స్ కాదు, ఆ అడాప్టర్ అంచే నిర్ణయిస్తుంది.

నా మొదటి మర 90కి దుకాణంలో 50/75 అడాప్టర్ బిగించి ఇచ్చారు. నాకు అప్పటికి తేడా తెలియదు. 50 గీతల్లో చూసుకుంటూ తిరుచానూరులో ఒక రోలంతా తీశాను. ఇంటికొచ్చి కడిగితే ముప్పై ఆరు ఫ్రేముల్లో తలలు తెగని మనుషులు నలుగురో ఐదుగురో. ఆ రోజు తీసినవాళ్లలో ఒక పెద్దావిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది, ఫోటోలో మాత్రం ఆమె నుదురు లేదు. డబ్బు చేతిలో పెట్టే ముందే లెన్స్ తగిలించి, ఏ గీతలు వచ్చాయో చూడండి.

8. ఇంటికి తెచ్చాక పరీక్ష

పండగకు కొత్త లెన్స్ నేరుగా తీసుకెళ్లకండి. ఒక రోలు పరీక్షకు పోనివ్వండి.

అనంతం: మేడ ఎక్కి ఉత్తరంగా తిరగండి. తిరుమల కొండ అంచు, లేదా దూరంగా ఉన్న సెల్ టవర్ చూసుకుని, రింగును అనంతం దాకా తిప్పండి. ఫైండర్ నడిమి ప్యాచ్‌లో రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. పక్కవీధి నీళ్ల ట్యాంకు లాంటి దగ్గరివాటితో ఈ పరీక్ష చేస్తే తప్పు తేలుతుంది.

మీటరు: స్కేలును బల్ల మీద 45 డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టండి. కెమెరా ట్రైపాడ్ మీద, టేపుతో కొలిచి మీటరు దూరంలో. అపర్చర్ పూర్తిగా తెరిచి 10 సెం.మీ. గీత మీద ఫోకస్ చేయండి. ఒకసారి అనంతం వైపు నుంచి రింగు తిప్పుకుంటూ వచ్చి తీయండి, ఇంకోసారి దగ్గరి వైపు నుంచి వచ్చి తీయండి. ఇలా మూడేసి సార్లు. 90 ఎఫ్ 2.8కి స్కేలు మీద షార్ప్‌గా కనిపించే మేర రెండున్నర సెం.మీ.కి కాస్త ఎక్కువ ఉంటుంది. 10 గీత దాని మధ్యలో ఉండాలి.

తప్పు వస్తే:

- అన్ని లెన్సులూ ఒకే వైపు తప్పితే దోషం కెమెరాది.
- ఇదొక్కటే తప్పితే దోషం లెన్స్‌ది లేదా అడాప్టర్‌ది. ముందు అడాప్టర్ మార్చి చూడండి.
- అటోసారి ఇటోసారి తప్పితే చేతిది. మళ్లీ మొదటి నుంచి చేయండి.

కెమెరా లోపలి చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో మీరే తిప్పకండి. ఒక దూరానికి సరిచేస్తే ఇంకో దూరం చెడుతుంది. సర్దే మనిషికి కెమెరా, లెన్స్ రెండూ కలిపి ఇవ్వండి.

9. వాడుకలో వచ్చే తప్పులు

ఫోకస్ చేసి కెమెరా తిప్పడం. ప్యాచ్ నడుమ ఉంటుంది, కన్ను చట్రం పైభాగంలో ఉంటుంది. నిలువు ఫోటోలో కన్ను మీద ఫోకస్ చేసి, చట్రం సర్దడానికి కెమెరాను ఎనిమిది డిగ్రీలు వంచితే, మీటరు దూరంలో ఫోకస్ ఒక సెంటీమీటరు వెనక్కి పోతుంది. ఆ దూరంలో మీకున్న మందం మొత్తం రెండు సెంటీమీటర్లు. అందుకే కనుబొమ్మ షార్ప్‌గా ఉండదు, చెవి దగ్గర వెంట్రుకలు షార్ప్‌గా ఉంటాయి. సవరణ: కెమెరా వంచకుండా మోకాళ్లు వంచి కిందికి దిగండి, లేదా ఫోకస్ అయ్యాక ఒక సెంటీమీటరు వెనక్కి వాలండి. అదీ కుదరకపోతే ఎఫ్ 4కి మూసేయండి.

ఊపిరి పీల్చి నిలబడటం. అలా నిలబడితే మనకు తెలియకుండానే ముందుకు వెనక్కి ఊగుతాం. ఊపిరి సగం వదిలి, మోచేతులు పక్కలకు ఆనించి నొక్కండి.

మూత తీయకపోవడం. ఈ ఫైండర్‌లో మూత ఉన్నా లోకం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. చేతిలో ఉన్నంతసేపూ మూత జేబులో ఉండాలి.

అలాగని మూత లేకుండా కెమెరాను ఎండలో పైకి పెట్టి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. ఫిల్మ్ లైకా ఎమ్‌లలో షటర్ తెర గుడ్డది. లెన్స్ సూర్యుడి వైపు ఉంటే భూతద్దంలా కాల్చి రంధ్రం పెడుతుంది. మెడలో వేలాడేటప్పుడు లెన్స్ కిందికి తిప్పుకోండి, కింద పెడితే మూత పెట్టండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. తడిసిన తోలు సంచిలో లెన్స్ వదిలేస్తే ఫంగస్ పట్టడానికి ఆ మూడు నెలలు చాలు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

10. జాతరలో మొదటి రోజు

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు తీయాలంటే, పైన చెప్పినదంతా ఒక్క పూటలో పరీక్షకు వస్తుంది. ముందు అడగండి. "అన్నా, ఒక ఫోటో తీసుకోనా?" అంటే చాలామంది ఆగుతారు. ఆగినవాళ్లను రెండు ఫ్రేములకంటే ఎక్కువ నిలబెట్టకండి, వాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. గుడి లోపలికి కెమెరా తీసుకెళ్లాలని చూడకండి.

మనిషి ఆగకముందే దూరం వేసుకోండి. 75 అయితే మీటరున్నర, 90 అయితే రెండు మీటర్లకు రింగు తిప్పి ఉంచండి. అప్పుడు మిగిలేది చిన్న సవరణ మాత్రమే.

తర్వాత రంగు. బైరాగి వేషంలో ఒళ్లంతా తెల్లటి పూత. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువుందనుకుంటుంది, ముఖం బూడిదరంగులోకి పోతుంది. ఒక స్టాప్ తెరవండి. తెల్లటి ముఖంలో ప్యాచ్‌కు పట్టు దొరకదు కాబట్టి కనుపాప అంచు మీదో, నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత మీదో ఫోకస్ చేయండి.

బండ వేషం కుంకుమది. డిజిటల్‌లో ఎరుపు తొందరగా మాడిపోతుంది, మూడింట రెండు స్టాపులు తగ్గించండి. నలుపు తెలుపు ఫిల్మ్‌కి ఆరెంజ్ ఫిల్టర్ పెడితే ఆ ఎరుపు బాగా తేలిపోతుంది, ఫిల్టర్ తీసేయండి.

తోటి వేషం బొగ్గుది. ఇక్కడ మీటరు నలుపును చూసి ఎక్కువ తెరవమంటుంది. ఒక స్టాప్ మూయండి. ఎమ్6 మీటరు చదివేది చట్రం మధ్యలో, ఎత్తులో సగం వెడల్పున్న గుండ్రటి భాగాన్నే. 75తో తీస్తున్నా, 90తో తీస్తున్నా ముఖం దాన్ని నింపేస్తుంది, కాబట్టి ఈ సవరణ చేయకపోతే ప్రతి ఫ్రేమూ తప్పుతుంది. నల్లటి ముఖంలో ఫోకస్‌కు కంటి తెలుపు కంటే మంచి చోటు లేదు.

నీడ పట్టున నిలబెట్టి తీస్తే ఎఫ్ 4, ఎండలో తీస్తే ఎఫ్ 8. మధ్యాహ్నం పన్నెండు దాటాక నేను కెమెరా సంచిలో పెట్టేసి, సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ తీస్తాను.